లక్షకు ఎనిమిది

పొన్నూరు బస్టాండు దాటాక బస్సు ఎందుకో ఆగిపోయింది. డ్రైవరు దిగి వెనక టైరు చూస్తున్నాడు. నా కిటికీ పక్కనే రైస్ మిల్లు గోడ. తవుడు వాసన ముక్కుకు పట్టేస్తోంది. లోపల రెండు మోటార్లు నడుస్తున్నాయి. రెండూ ఒకే రకానివి అయి ఉంటాయి గానీ, ఒకటి రెండోదానికన్నా పిసరంత వేగంగా తిరుగుతోంది. అలాంటప్పుడు రెండు రొదలూ కలిసి ఒక్క రొదగా వినిపించవు. ఊ... ఊ... ఊ... అని పెరుగుతూ తగ్గుతూ, ఎవరో ఉయ్యాల ఊపుతున్నట్టు వినిపిస్తాయి. నా చేతివేళ్ళు వాటంతట అవే ఒడిలో ఉన్న బ్యాగు మీద ఆ ఊపుల్ని లెక్కపెట్టటం మొదలుపెట్టాయి. పది ఊపులకు పద్నాలుగు సెకన్లు. మళ్ళీ పది, మళ్ళీ పద్నాలుగు. పక్క సీట్లో పెద్దావిడ నా వేళ్ళ వంక చూసి, "జపమా అమ్మా?" అని అడిగింది. "అవునండి" అన్నాను. ఇంకేం చెప్పను?

ఈ జపం నాకు నేర్పింది దీవెనమ్మ గారు. బాపట్లలో నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినప్పుడు ల్యాబు ఆమె చేతిలో ఉండేది. లెక్చరర్ కాదు, ల్యాబు ఇన్‌స్ట్రక్టర్. సన్నగా, పొడుగ్గా, తెల్ల చీరకు నీలం అంచు, ఆదివారం చర్చిలో పాడి పాడి కాస్త బొంగురుపోయిన గొంతు. రేపల్లె నుంచి వచ్చి బాపట్లలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. ఆమె ల్యాబులోకి మొదటిసారి అడుగుపెట్టినవాళ్ళకు అది ఆసుపత్రి వార్డులా కనిపించేది. ప్రతి పరికరం మెడకూ దారంతో కట్టిన ఒక అట్టముక్క చీటీ వేలాడేది. చీటీ మీద మూడు వరసలు: ఎంత తప్పు చెబుతుంది, దేనితో పోల్చాం, చూసినవారు ఎవరు. ఒక వోల్టుమీటరు మీద "రెండు వోల్టులు ఎక్కువ చెబుతుంది", ఇంకోదాని మీద "ఎండాకాలం తక్కువ చెబుతుంది". గోడగడియారాన్ని కూడా వదల్లేదు. దానికి "నాలుగు నిమిషాలు ముందు" అని కట్టారు. ముల్లు తిప్పేస్తే పోయేదానికి చీటీ ఎందుకని మేం నవ్వుకునేవాళ్ళం.

నా సంగతి చెప్పాలి. నాకు పుట్టుకతోనే భయం. గ్యాస్ కట్టేశానా అని వీధి చివరినుంచి వెనక్కొచ్చే రకం. పరీక్షలో జవాబు రాసి, కొట్టేసి, మళ్ళీ అదే రాసే రకం. అలాంటిదాన్ని మొదటి ప్రాక్టికల్ రోజున మీటరు చూసి, "పన్నెండు పాయింట్ నాలుగు" అని రికార్డులో గుండ్రంగా రాసుకొచ్చాను. దీవెనమ్మ గారు చూసి, "చీటీ చదివావా?" అన్నారు. చదవలేదన్నాను. "మరి ఈ మీటరు మీద అంత నమ్మకం ఎక్కడిదమ్మా నీకు? మీ మేనమామా ఏంటి?" క్లాసంతా నవ్వింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆమె నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించి అన్నారు: "తప్పు చెప్పే మీటర్ని పారెయ్యక్కర్లేదు, భవానీ. ఎంత తప్పు చెబుతుందో తెలియని మీటరుంది చూడూ, దాన్ని మటుకు నమ్మకు." ఆ మాట నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. తప్పు అనేది తిట్లు తినకుండా పైకి చెప్పుకోదగ్గ విషయమని ఆ రోజు వరకూ నాకు ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో గ్లాసు పగిలితే గ్లాసు కన్నా ముందు నేనే మూలకు చేరేదాన్ని.

ఊపులు నేర్పింది రెండో ఏడాది. రెండు శృతిదండాలు తెచ్చారు. ఒకదాని కొమ్ముకు చిటికెడు మైనం అంటించి రెండింటినీ మోగించారు. ఊ... ఊ... అంది. పుస్తకంలో దీన్ని విస్పందనాలంటారు. ఆమె మాత్రం ఊపులనే అనేవారు. రెండింటికీ తేడా ఎంత ఉంటే సెకనుకు అన్ని ఊపులు. మైనం గిల్లి తీసేస్తూ పోతే ఊపులు నెమ్మదిస్తాయి. "నిజానికి దగ్గరయ్యే కొద్దీ నెమ్మదవుతుంది" అన్నారు. "పూర్తిగా ఆగిపోయింది మేడమ్" అని నేను సంబరంగా అరిచాను. "ఆగింది ఊపో, నీ ఓపికో! ఇంకాసేపు విను" అన్నారు. విన్నాను. నిజమే, ఎక్కడో అడుగున చాలా నెమ్మదిగా, నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు, ఇంకా ఊగుతోంది. ఆ చివరి ఊపును వినటం నేర్చుకోవటానికి నాకు నెల పట్టింది.

డిప్లొమా అయ్యాక తెనాలిలో మా నాన్న రిపేరు షాపులో కూర్చున్నాను. నాన్నకు చూపు తగ్గింది. ఆయన లోపలి గదిలో కుర్చీ వేసుకుని, వాసన చూసి ఏ భాగం కాలిందో చెప్పేవాడు, నేను బాగుచేసేదాన్ని. దీవెనమ్మ గారు రిటైరై రేపల్లెలో స్టేషను దగ్గర సొంతింటికి వెళ్ళిపోయారు. ఫోన్లో మెసేజ్‌లు పెట్టుకుంటుండేవాళ్ళం. నాకెప్పటినుంచో ఒక ఫ్రీక్వెన్సీ కౌంటర్ కావాలని ఉండేది. వైర్‌లెస్ సెట్టు లాంటివి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతున్నాయో లెక్కపెట్టి అంకె చూపించే పరికరం అది. కొనే స్తోమత లేదు, కనక నేనే చేద్దామని కూర్చున్నాను. ఒక చిన్న బోర్డు, చేత్తో అతికిన నలభై యాభై ముక్కలు, పెద్ద అంకెల్ని భాగించే చిప్ ఒకటి. పెట్టెగా మా అమ్మ పాత స్టీలు టిఫిన్ డబ్బా. అద్దం పగిలిన ఫోన్ ఒకటి ఉంటే అదే దానికి ముఖం. బోర్డు లెక్కపెడుతుంది, బ్లూటూత్‌లో ఫోన్‌కు చెబుతుంది, నేను రాసిన యాప్ నల్ల తెరమీద పచ్చటి అంకెలు చూపిస్తుంది. ఇంత పెద్ద అంకెలు. నాన్నకు కూడా కనిపించేంత.

ఇలాంటి దానికి ప్రాణం లోపలి క్రిస్టల్‌లో ఉంటుంది. గోరంత వెండిరంగు బిళ్ళ. సెకను అంటే ఎంతో కౌంటర్‌కు చెప్పేది అదే. నేను పెట్టింది పాత మోడెం లోంచి పీకింది, సెకనుకు కోటీ అరవై లక్షల ఊపులని దాని మీద రాసి ఉంది. అన్నీ అతికాక, సరిగా లెక్కపెడుతోందో లేదోనని మూడు రోజులు నిద్రలేదు నాకు. దేన్నైనా కొలిచి చూడాలి. అంకె ముందే తెలిసినదై ఉండాలి. అలాంటిది చేతిలో ఏముంది? ఆ క్రిస్టలే ఉంది కదా! ఒక తీగ లాగి దాన్నే కొలిచాను. తెరమీద కోటీ అరవై లక్షలు. అటు ఒకటి లేదు, ఇటు ఒకటి లేదు. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారే, అలా ఆ డబ్బాను చూసి మురిసిపోయాను. తెర ఫోటో తీసి దీవెనమ్మ గారికి పంపాను. పది నిమిషాలకు జవాబొచ్చింది: "బాగుంది. దేనితో పోల్చావు?"

ఆ ప్రశ్న చదవగానే ఏదో వదిలేశాననిపించింది. ఇప్పుడు బుకాయించను. కానీ షాపు ముందు జనం ఉన్నారు, మనసు సంబరంలో ఉంది, ఆమె చెబితే ఆ సంబరం పోతుందేమోనని భయం. జవాబు రాయలేదు. బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను.

పోలయ్య బాబాయ్ ఆ వారంలోనే వచ్చాడు. రేపల్లె దిగువన రేవులో ఆయనకూ ఆయన తమ్ముడికీ కలిపి మూడు పడవలు. పడవకొక వైర్‌లెస్ సెట్టు, గట్టు మీద షెడ్డులో నాలుగోది. నాన్న కాలం నుంచి రిపేర్లు మాకే తెస్తాడు. ఉప్పుగాలికి పడవల సెట్లు మూడూ పక్కకు జరిగి, మాట గరగరమంటోందని ఆ మూడూ పట్టుకొచ్చాడు. షెడ్డులోది బాగానే ఉంది కనక తేలేదు. కొత్త కౌంటర్ పక్కన పెట్టుకుని మూడింటికీ లోపలి మర తిప్పి, పచ్చటి అంకె చివరి వరకూ సరిపోయేలా పెట్టాను. ఒకటి నాన్నకిచ్చి, ఒకటి నేను పట్టుకుని, "వినపడుతోందా నాన్నా?" అన్నాను. "చెవిలో చెప్పినట్టుందే" అన్నాడు నాన్న. మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడాయి, గంట కొట్టినట్టు. పోలయ్య బాబాయ్ ఫోన్ తెర చూసి, "అబ్బో, మా భవానమ్మ సైంటిస్టయిపోయిందే" అన్నాడు. ఆ మాటకు రెండు రోజులు గాల్లో తేలాను.

తొమ్మిదో రోజు పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ మోగింది. బంగాళాఖాతంలో వాయుగుండం, వేటకెళ్ళినవాళ్ళు వెనక్కి రావాలని ముందురోజు సాయంత్రం నుంచి రేడియోలో చెబుతున్నారు. మిగతా పడవలన్నీ వచ్చేశాయి. "అమ్మాయ్, మా మూడూ పలకటంలా" అన్నాడు పోలయ్య బాబాయ్. ఆ గొంతు ఆయనదిలా లేదు. "రాత్రి నించీ పిలుస్తన్నా. సప్పుడు లేదు. ఫోన్లకి అందనంత లోపలున్నారు. సెట్లు బాగానే చేశావుగా నువ్వు?" "చేశాను బాబాయ్" అన్నాను. ఆరుగురు చొప్పున పద్దెనిమిది మంది. టిఫిన్ డబ్బా, ఫోన్, స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని రేపల్లె పాసింజరు ఎక్కాను.

ఆ ప్రయాణం నా పగవాళ్ళకు కూడా వద్దు. కిటికీ రెక్కలు వేసినా వాన సూదుల్లా లోపలికి కొడుతోంది. పొలాల్లో వరి అంతా ఒకే పక్కకు వాలి ఉంది. నేను లెక్కలేస్తున్నాను. ఒక సెట్టు పాడైందంటే నమ్మొచ్చు. మూడూ ఒకే రోజు పాడవుతాయా? మూడు పడవలూ ఒకేసారి... ఆ తర్వాతి మాట ఆలోచించలేకపోయాను. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేంటి? సముద్రం ఒకటి. రెండోది నా చెయ్యి. వేమూరు స్టేషనులో బండి ఆగినప్పుడు ఒళ్ళో ఉన్న డబ్బా మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. దేనితో పోల్చావు? దేనితోనూ పోల్చలేదు. దాన్ని దానితోనే పోల్చాను. భట్టిప్రోలు వచ్చేసరికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఎదురు సీటాయన చలేస్తోందనుకుని తన తువ్వాలు ఇచ్చాడు. తేలు కుట్టిన దొంగలా దాన్ని కప్పుకుని కూర్చున్నాను. నేరుగా రేవుకు వెళ్ళే ధైర్యం లేక, స్టేషను దిగి దీవెనమ్మ గారింటికి పరిగెత్తాను.

ఆమె వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. పక్కన రేడియోలో తుఫాను హెచ్చరిక. తలుపు దగ్గర నిలబడే మొత్తం కక్కేశాను: క్రిస్టల్, మూడు సెట్లు, పద్దెనిమిది మంది, ఆ బొటనవేలి బొమ్మ. వింటున్నంతసేపూ ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. "మూరెడు చెయ్యిని తన మూరతోనే కొలుచుకుని సరిపోయిందన్నావు" అని మాత్రం అన్నారు. నేను ఏడవటం మొదలుపెట్టాను. "ఏడుపు తర్వాత. డబ్బా బయటికి తియ్యి."

ముందు గదిలో స్టీలు బల్ల మీద ఆమె పాత సిగ్నల్ జనరేటర్ ఉంది. తిప్పిన కొద్దీ మనకు కావలసిన ఊపు పుట్టించే పెట్టె. దాని మెడలోనూ చీటీ. రేడియో తెచ్చి దాని పక్కన పెట్టారు. "రేడియో స్టేషను వాళ్ళు వాళ్ళ అంకె తప్పరు. మన పెట్టెను దానితో కలుపుదాం, ఊపులు ఆగేదాకా. ఆగాక నీ డబ్బా ఎంత చెబుతుందో చూద్దాం." వార్తలు చదివే ఆవిడ గొంతు కింద సన్నటి ఈల మొదలైంది. మత్స్యకారులు వేటకు వెళ్ళరాదని ఆవిడ చెబుతోంది, కింద ఈల దిగుతోంది. కీచుమన్నది గురగురగా మారి, గురగుర ఊపులుగా విడిపోయింది. జనరేటర్ బిరడాను నేను ఒక్కచోట నిలపలేకపోతున్నాను. ఆమె నా చెయ్యి తీసేసి తను పట్టుకున్నారు. రెండో చేతి వేళ్ళు బల్లమీద లెక్కపెడుతున్నాయి. "ఆగింది మేడమ్, ఆగింది, చూద్దాం" అన్నాను. "ఉండు" అన్నారు. పద్దెనిమిది మంది నీళ్ళమీద ఉంటే ఈవిడ ఊపులు వింటున్నారేమిట్రా దేవుడా అని నాకు పిచ్చెక్కుతోంది. ఆమె తొందరపడలేదు. చివరి ఊపు కూడా ఆగాక, "ఇప్పుడు చూడు" అన్నారు.

స్టేషను అంకె కన్నా నా డబ్బా అరవై ఏడు ఎక్కువ చెబుతోంది. ఎనిమిది లక్షల పైచిలుకు అంకెలో అరవై ఏడు. ఆమె పెన్సిలు తీసుకుని పాలవాడి లెక్కల కాగితం మీద భాగించారు. "లక్షకు ఎనిమిది." "అంతేనా మేడమ్?" అన్నాను ఆశగా. "నీ పడవల సెట్లు పనిచేసేది పదిహేను కోట్ల పైమాట. అక్కడ లక్షకు ఎనిమిదంటే పన్నెండు వేలు దాటుతుంది. నీ డబ్బా ఎక్కువ చెబుతోంది గనక నువ్వు మూడు సెట్లనీ అంతమేరకు కిందికి దించావు. మూడూ ఒకే అబద్ధం నేర్చుకున్నాయి. వాటిలో అవి శుభ్రంగా మాట్లాడుకుంటాయి. గట్టుకే పలకవు." "మరిప్పుడెలా మేడమ్?" "గట్టు సెట్టుకి కూడా అదే అబద్ధం నేర్పాలి. పద, ఆటో పిలువు." డెబ్భై ఏళ్ళ మనిషి, తలమీద చెంగు కప్పుకుని నాకన్నా ముందు మెట్లు దిగారు.

రేవు దగ్గర షెడ్డు చుట్టూ జనం. పోలయ్య బాబాయ్ మైకు పట్టుకుని గొంతు పోయేలా పిలుస్తున్నాడు. పక్కకు జరగమని సెట్టు మూత విప్పాను. బాగున్న సెట్టును విప్పుతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇది బానే ఉందిగదా, దీన్నెందుకు కదుపుతున్నావు?" "కదపనివ్వండి, నేను చెబుతున్నాను" అన్నారు దీవెనమ్మ గారు. ఆమెను ఆయన అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అయినా చెయ్యి వదిలేశాడు. అప్పుడు ఫోన్ మొరాయించింది. తెరమీద వాన చినుకులు, తడివేలికి అది పలకదు. యాప్ తెరుచుకుంది గానీ డబ్బాను వెతుకుతోంది, వెతుకుతోంది, ఆ చక్రం తిరుగుతూనే ఉంది. నా జీవితంలో అంత నెమ్మదిగా తిరిగిన చక్రం లేదు. దీవెనమ్మ గారు చెంగుతో తెర తుడిచి, తను వంగి దానిమీద గొడుగులా నిలబడ్డారు. అంకెలు వచ్చాయి. మర తిప్పాను. నా తప్పుడు డబ్బా "సరిగ్గా ఉంది" అనే చోటికి ఆ సెట్టును తెచ్చి ఆపాను.

సెట్టులో హోరు ఒక్కసారి తెగింది. ఆ తర్వాత వినిపించిన మాటలు నేను చచ్చేదాకా మర్చిపోను. "... నీకెన్నిసార్లు చెప్పాలిరా, చేపల కూరలో అంత ఉప్పేంటి, సముద్రం సాల్లేదా?" ఇంకో పడవ నుంచి ఎవరో నవ్వుతున్నారు. షెడ్డులో ఒకావిడ కూలబడి గట్టిగా ఏడ్చేసింది. పోలయ్య బాబాయ్ మైకు లాక్కుని, "ఒరేయ్ చచ్చినోళ్ళారా, ఎక్కడున్నార్రా!" అని అరిచాడు. "అన్నయ్యా! నువ్వే పలకటంలేదని తిట్టుకుంటన్నాం రెండ్రోజుల నించీ. గాలి లేచింది గానీ, నువ్వు పిలవలేదుగా, ఫర్లేదులే అని ఉండిపోయాం." నువ్వు పిలవలేదుగా. ఆ మాట సూటిగా నా గుండెలో దిగింది. పదకొండున్నరకు వలలు లాగేసి తిరుగుముఖం పట్టారు. సాయంత్రం నాలుగు దాటాక మూడు పడవలూ రేవు కాలవలోకి వచ్చాయి. గాలివాన మర్నాడు వచ్చి షెడ్డు రేకులు ఎగరేసుకుపోయింది.

పడవలు ఇంకా దారిలో ఉండగానే, పోలయ్య బాబాయ్ నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు రాకపోతే ఏమైపోయేవాళ్ళమమ్మా" అన్నాడు. చుట్టూ అందరూ నావైపే చూస్తున్నారు. దీవెనమ్మ గారు కూడా చూస్తున్నారు. చిన్నప్పుడు గ్లాసు పగిలినప్పటిలా ఏదైనా మూల దొరికితే బాగుండును. ఆ షెడ్డులో మూలలు కూడా జనంతో నిండి ఉన్నాయి. "బాబాయ్, ఉప్పుగాలి కాదు. చెడగొట్టింది నేనే" అన్నాను. మొత్తం చెప్పాను. ఎంత తప్పో, ఎందుకు జరిగిందో, ఎవరు పట్టుకున్నారో. ఆయన చేతులు వదిలేశాడు. కాలవ వైపు తిరిగాడు. "మా తమ్ముడున్నాడమ్మా అందులో" అన్నాడు. అంతే. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. కాసేపటికి మళ్ళీ ఆయనే, నావైపు చూడకుండా, "గాలి తగ్గాక నాలుగూ తెస్తా. ఈసారి నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చెయ్యి" అన్నాడు. ఇంకో షాపుకు వెళతాడనుకున్నాను. నాకే ఎందుకు తెస్తానన్నాడో ఆ రోజు అర్థం కాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో దీవెనమ్మ గారిని అదే అడిగాను. "నువ్వెంత తప్పు చెబుతావో ఇప్పుడతనికి తెలుసు" అన్నారు, తడిసిన చెంగు పిండుకుంటూ. కాస్త దూరం పోయాక, "నువ్వా బొమ్మ పంపినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మళ్ళీ అడగాల్సింది. పిల్ల సంతోషంగా ఉంది, ఎందుకులే అనుకున్నాను" అన్నారు. ఆమె గొంతు ఎప్పటికన్నా బొంగురుగా ఉంది. అయ్యో మీ తప్పేముంది మేడమ్ అన్నాను. "నాకు చీటీ ఉండొద్దా ఏంటి?" అన్నారు. ఇంటికెళ్ళాక అట్టముక్క కత్తిరించి, దారం ఎక్కించి, నా టిఫిన్ డబ్బా పిడికి తనే కట్టారు. గుండ్రటి అక్షరాలతో మూడు వరసలు: "లక్షకు ఎనిమిది ఎక్కువ చెబుతుంది. రేడియో స్టేషనుతో పోల్చాం. చూసినవారు: భవాని, దీవెనమ్మ, ఆలస్యంగా."

ఆమె పోయి రెండేళ్ళయింది. కబురు తెలిసి వెళితే, ల్యాబులోదానికి లాగే ఆమె వరండా గడియారానికి కూడా చీటీ వేలాడుతోంది. నాలుగు నిమిషాలు ముందు. సమాధుల తోటకు బయలుదేరే టైమును వాళ్ళ చర్చి పెద్ద ఆ గడియారం చూసి, నాలుగు తీసేసి చెప్పాడు. నాకు అక్కడ ఏడుపు ఆగలేదు. ఇంత భయస్తురాల్ని, ఇన్నేళ్ళుగా నలుగురి ప్రాణాలు ఆధారపడే పరికరాలు విప్పి మళ్ళీ బిగించి ఇస్తున్నానంటే ఆ చీటీల చలవే. భయం పోలేదు. గ్యాస్ కోసం ఇప్పటికీ వెనక్కొస్తాను. కాకపోతే ఇప్పుడు భయం వేసినప్పుడు దాన్ని కప్పిపెట్టకుండా, ఎంత తప్పు, దేనితో పోల్చాను, ఎవరు చూశారు అని వరసగా అడుగుతాను. మూడింటికీ జవాబుంటే సెట్టు పోలయ్య బాబాయ్ చేతికిస్తాను. లేకపోతే రేపు రమ్మంటాను. ఆయన రేపొస్తాడు.

బస్సు కదిలింది. మిల్లు మోటార్ల ఊపులు వెనకబడిపోయాయి. బాపట్లలో ఆ పాత ల్యాబులోనే ఈ రోజు పిల్లలకు నా డబ్బా చూపించాలి. చీటీలన్నీ ఎప్పుడో తీసేశారట, అందుకే దారం, అట్టముక్కలు బ్యాగులో వేసుకుని వెళుతున్నాను. క్రిస్టల్ మార్చొచ్చు, లేదా యాప్‌లో ఒక్క వరస రాస్తే ఆ ఎనిమిదీ దానంతట అదే తీసేస్తుంది. నేను మార్చలేదు. ఒక్కటి మాత్రం చేర్చాను. యాప్ తెరవగానే అంకెలు రావు. నల్ల తెరమీద ముందు ఆమె ప్రశ్న వస్తుంది: దేనితో పోల్చావు? జవాబు మాటల్లో రాసేదాకా పచ్చ అంకెలు కనపడవు. పిల్లలు తొందరపడి ఏదో ఒకటి నొక్కుతారని నాకు తెలుసు. ఖాళీగా వదిలితే ఒప్పుకోదు. బొటనవేలి బొమ్మ పెడితే అసలే ఒప్పుకోదు.